తేదీ లేని సెలవు

ప్రమాణంతో మొదలుపెడతాను. ఎడమ చెయ్యి మా శిక్షణ కేంద్రం హాజరు పట్టీ మీద, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని చెబుతున్నాను: ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. ఆ హాజరు పట్టీని ఎరిగినవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వుతారు. నవ్వనివ్వండి. అబద్ధాలకోరు కూడా ఏడాదికి ఒకసారైనా పొరపాటున నిజం చెబుతాడు. ఇది ఆ కోటాలోది అనుకోండి.

అరకులోయలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. డిగ్రీ చదివి ఇంటి దగ్గర ఖాళీగా ఉన్న కొండ పిల్లల్ని పోగుచేసి, మూడు నెలలు శిక్షణ ఇచ్చి, మైదానంలో ఒక ఉద్యోగంలో కూర్చోబెట్టడం మా కేంద్రం పని. పాఠాలు చెప్పేవాళ్ళు వేరే ఉండేవారు. కూర్చోబెట్టేవాణ్ణి నేను. కాగితం మీద ప్లేస్‌మెంట్ ఆఫీసరుని, ఊళ్ళలో ఉద్యోగాల సారుని. నాది మాత్రం కాంట్రాక్టు పని. ఏటా మార్చి వస్తే ఉంటానో ఊడతానో నాకే తెలిసేది కాదు. స్థిరమైన ఉద్యోగం ఎలా సంపాదించాలో ఊరూరా తిరిగి చెప్పినవాడు అలాంటివాడు. ఇప్పుడా పథకం లేదు. నేను చోడవరంలో జిరాక్స్ మిషను పెట్టుకుని కూర్చున్నాను. ఇలాంటి పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా కొట్టుకి బయోడేటాలు తీయించుకోవడానికి వస్తారు. వాళ్ళ కోసమే ఇది.

ఆ రోజులు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది మా జీపు. ఆ కొండదారుల్లో మలుపులు ఎలా ఉండేవంటే, మా వెనక చక్రాలు ముందు చక్రాలకి ఎదురొచ్చేవి. చలికాలంలో క్లాసు బయట మంచులో హాజరు వేస్తే 'ప్రెజెంట్ సార్' అన్న మాట తొమ్మిదింటికి వినిపించేది, మనిషి పదింటికి కనిపించేవాడు. మా డ్రైవరు మంచులో హారను మోతని బట్టి మలుపు ఎంత దూరముందో చెప్పేవాడు. "మోత కొండకి తగిలి తిరిగి రాలేదు సార్, ముందర లోయ" అని తాపీగా చెప్పి బ్రేకు వేసేవాడు. అతని పక్కన కూర్చుని నేను దేవుడి మీద నమ్మకం పెంచుకున్నాను.

ఇంటర్వ్యూకి ఎలా జవాబులివ్వాలో వారానికి ఒకరోజు నేనే చెప్పేవాణ్ణి. పదిహేను ప్రశ్నలు బోర్డు మీద నా చేత్తో రాసేవాణ్ణి. మీ గురించి చెప్పండి. మీ బలహీనత ఏమిటి. అయిదేళ్ళ తర్వాత ఎక్కడుంటారు. దేనికైనా సరేననే జవాబు. రాత్రి షిఫ్టుకి వస్తారా? వస్తాం. నిలబడి పనిచేస్తారా? చేస్తాం. కాదనాల్సిన ప్రశ్న ఒక్కటే: సెలవులు అవసరమా? "సెలవు అన్న మాట మీ నోట్లో ఉంటే ఘాట్ దిగేలోపు ఉమ్మేసి వెళ్ళండి" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు.

ఒకసారి ఒక అమ్మాయి నవ్వలేదు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్ల. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది.

"పండక్కో సార్?" అంది.

"పండగలకి ఫ్యాక్టరీవాళ్ళే ఇస్తారమ్మా. సంక్రాంతి, దసరా, దీపావళి."

"అయి మీ పండగలు సార్."

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేసి పదకొండో ప్రశ్నకి వెళ్ళిపోయాను.

మొదటి పెద్ద అవకాశం మైదానంలో ఒక మందుల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. మాత్రలు నింపిన అట్టల్ని పరీక్షించి ప్యాకింగుకి పంపే లైనులో పద్దెనిమిది మంది కావాలన్నారు. ఆరు నెలలు చూసి పర్మినెంటు చేస్తామన్నారు. నేను ఏం చేశానో చెప్పాలి. జీపు దారి ఉన్న ఒక పెద్ద ఊరికి వెళ్ళి, స్కూలు వరండాలో ఒక్క మీటింగు పెట్టి, పద్దెనిమిది మందినీ ఆ ఒక్క ఊర్లోనే ఎంచేశాను. పక్క ఊళ్ళకి వెళ్ళాలంటే గెడ్డలు, అదే కొండవాగులు, దాటి నడవాలి. నా మోకాళ్ళు నా మాట వినేవి కావు, నేను వాటి మాట వినేవాణ్ణి. మా కేంద్రం ఇన్‌చార్జి మేడమ్ "ఒక్క రోజులో పద్దెనిమిదా" అని ఆశ్చర్యపోయింది. "నడిచి నడిచి కాళ్ళు పడిపోయాయి మేడమ్" అన్నాను.

మూడు నెలల శిక్షణ అయ్యాక అక్టోబరులో బస్సెక్కించాం. ప్రతి తల్లీ ఒక మూట తెచ్చింది. రాజ్మా గింజలు, పసుపు, సోళ్ళ పిండి. బస్సు కదిలాక కూడా కిటికీల్లోంచి మూటలు లోపలికి వెళుతూనే ఉన్నాయి. కెమిస్ట్రీ అమ్మాయి తల్లి నా దగ్గరికొచ్చి, "మా గుంటని సూసుకో బాబూ" అంది. నేను చూసుకుంటానన్నాను. అలాంటి మాటలు నాకు చప్పున వచ్చేవి.

అయిదున్నర నెలలు అంతా బాగుంది. ఆ అమ్మాయి పదివేల మాత్రల్లో విరిగిన ఒక్కదాన్ని కంటితో పట్టేస్తుందని సూపర్‌వైజరు ఫోన్లో మెచ్చుకున్నాడు. నేను దాన్ని లక్ష చేసి మేడమ్‌కి చెప్పాను. ఇంకో రెండు వారాల్లో పర్మినెంటు ఉత్తర్వులు వస్తాయనగా ఒక ఉదయం ఫ్యాక్టరీ నుంచి ఫోను. పద్దెనిమిది మందీ లేరు. హాస్టలు గదుల్లో బట్టలున్నాయి, మనుషులు లేరు. లైను ఆగిపోయింది. 'చెప్పకుండా పారిపోయారు' అని అందరి పేర్లూ కొట్టేస్తున్నామన్నారు. కారణం రాసి పంపమని మా కేంద్రాన్ని అడిగారు.

నేను ఆ రోజే కాగితం తీసుకుని రాసేశాను. తిండి పడలేదు, ఎండ పడలేదు, ఇల్లు గుర్తొచ్చింది. చివర్లో ఒక ముక్తాయింపు: 'కొండ పిల్లలు మైదానంలో నిలబడరు.' కింద మేడమ్ సంతకం పెట్టింది.

వారం తర్వాత ఆ అమ్మాయి కేంద్రానికి వచ్చింది. మెడలో ఫ్యాక్టరీ కార్డు అలాగే ఉంది.

"సార్, రేపు డూటీకి ఎల్తన్నాం. బస్సుకి ముందు మీకు సెప్పి పోదామని వచ్చేను."

పేర్లు తీసేశారని చెప్పాను. ఆమె కూర్చోలేదు, ఏడవలేదు. కార్డు తీసి చేతిలో పట్టుకుని చూసింది.

"మేం పారిపోనేదు సార్. ఇటుకల పండక్కి ఎల్లాం. అయిపోగానే వచ్చేత్తన్నాం."

"ఒక్కళ్ళయినా సెలవు చీటీ పెట్టొచ్చుగా."

"పెట్టబోయేం సార్. తేదీ రాయమన్నారు. పదిహేన్రోజుల ముందు రాయాలంట. మా దిసారి మూడ్రోజుల ముందు గాని సెప్పడు. ఏ తేదీ రాత్తాం?"

ఇటుకల పండగ అంటే వాళ్ళ చైత్రమాసపు వేట పండగ. దిసారి అంటే అక్కడ ముహూర్తాలు చెప్పే పెద్ద. చైత్రంలో ఆయన చంద్రుణ్ణీ పెద్దల్నీ చూసుకుని రోజు చెబుతాడు. అది ఏ క్యాలెండరులోనూ ఉండదు.

"ఏదో ఒక తేదీ రాసేయాల్సింది" అన్నాను.

"అబద్ధం తేదీయా సార్?"

నేను పుట్టినప్పటినుంచి అలాంటివే రాస్తున్నాను. ఆ పిల్ల మొహం చూసి ఆ సంగతి చెప్పలేకపోయాను.

ఆ ఏడాదంతా ఆమె రోడ్డు పక్కన బొంగులో చికెన్ అమ్మే బండి దగ్గర పనిచేసింది. జీపులో వెళుతూ ఆగేవాణ్ణి. వెదురు బొంగులోకి కారం పట్టించిన ముక్కలు కూరుతూ, "ఇదీ కెమిస్ట్రీయే గద సార్" అనేది. బండి టూరిస్టులు వచ్చే కాలంలోనే నడుస్తుంది. వానాకాలం మూసేస్తారు. ప్రతిసారీ ఒకటే అడిగేది: "ఫ్యాక్టరీ ఓలు మల్లీ తీసుకుంతారా సార్?" పారిపోయిన వాళ్ళ జాబితాలో పేరుంటే మరో ఫ్యాక్టరీ కూడా తీసుకోవడం లేదు. నేను "చూస్తున్నాను" అనేవాణ్ణి. నిజంగానే చూశాను. కనీసం ముప్పైసార్లు ఫోన్ చేశాను.

చివరికి ఆ ఫ్యాక్టరీకి కొత్త హెచ్ఆర్ ఆఫీసరు వచ్చాడు. ఒకసారి స్వయంగా వచ్చి పిల్లల్ని చూసి, తీసుకోవాలో శాశ్వతంగా వదిలేయాలో తేలుస్తానన్నాడు. ఆ నెలాఖరుకి మా కేంద్రం మూతపడుతోంది. అంటే ఆ అమ్మాయికి అదే ఆఖరి అవకాశం. ఆయనకి వీలైన రోజు, మాకు వీలైన రోజు చూసి, గోడ మీద క్యాలెండరు కూడా చూసి ఒక తేదీ ఖాయం చేశాను. పదకొండు గంటలకి ఆ ఊరి స్కూల్లో ఇంటర్వ్యూలు.

మళ్ళీ చైత్రమే. ఏడాదిపాటు చెవిలో పోసిన మాట అవతలి చెవిలోంచి పోయింది.

ఆఫీసరుది విశాఖ నుంచి తెచ్చుకున్న తెల్లటి కారు. దారి తెలియాలని మా డ్రైవరు నడిపాడు. నేను వెనక సీట్లో ఆయన పక్కన. మొదటి ఊరి దగ్గర దారికి అడ్డంగా తాడు. ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకున్నారు, పదిమంది వెనక పాడుతున్నారు. ఆ పండగలో మగవాళ్ళు అడవికి వేటకి వెళతారు, ఊరూ దారీ ఆడవాళ్ళవి. దారిన పోయేవాడెవడైనా పండగ పైకం ఇవ్వాలి, లేదా పాడాలి, లేదా ఆడాలి. వేట నుంచి ఉత్తచేతులతో వచ్చిన మగవాడికి పేడనీళ్ళు. ఇప్పుడు వేట పేరుకే మిగిలింది గాని పేడనీళ్ళు పేరుకి కాదు.

తాడు చూడగానే నాకు అర్థమైంది. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఏంటిది?" అన్నాడు ఆఫీసరు.

"మీకు స్వాగతం సార్" అన్నాను.

ఆయన మురిసిపోయి నోటు ఇచ్చాడు. రెండో తాడు. మళ్ళీ స్వాగతం. మూడోది, నాలుగోది. "నేను వస్తున్నానని ఇన్ని ఊళ్ళకి ఎలా తెలుసు?" అన్నాడు. "మంచి పేరు కొండెక్కడానికి జీపు అక్కర్లేదు సార్" అన్నాను. డ్రైవరు దగ్గినట్టు నటించాడు. ఆరో తాడు దగ్గరికి ఆయన జేబులో చిల్లర నోట్లు అయిపోయాయి. ఫోన్లో పంపుదామంటే సిగ్నలు లేదు. మొహంలో మురిపెం కూడా అయిపోయింది.

ఏడో తాడు ఆ అమ్మాయి ఊరి ముందు. తాడు కొస ఆ అమ్మాయి చేతిలోనే ఉంది. ముతక చీర మోకాళ్ళ కిందికి కట్టి, తలలో పువ్వులు, చెంపలకి పసుపు. కారులో నన్ను చూసింది, పక్కనాయన్ని చూసింది. తాడు వదల్లేదు.

"నమస్తే సార్" అంది ఆయనతో. "పదకొండింటికి నాకు మీ దగ్గర ఇంటర్వూ ఉంది."

ఆఫీసరు ఫైలు తెరిచి ఫోటో చూశాడు. "ఇప్పుడు పదకొండున్నర" అన్నాడు.

"తాడు వదిలితే పండగ దోసం సార్. మీరు పైకం ఇచ్చి లోపలికి రండి, నానొత్తాను."

"చిల్లర లేదమ్మా."

"అలగైతే పాడండి."

"రాదు."

"ఆడండి."

ఆయన నన్ను చూశాడు. నేను కొండని చూశాను. తాడు అవతలి కొస పట్టుకున్న ముసలామె, "మరేటి సేత్తాడంట?" అని అడిగింది. అమ్మాయి ఆఫీసరు వైపు తిరిగింది.

"మేం అడిగినదానికి జవాబు సెప్పండి సార్. మీ గురించి సెప్పండి."

నా బోర్డు మీద మొదటి ప్రశ్న. ఆయన కోపంతో కారు దిగాడు గాని, చుట్టూ ఇరవైమంది ఆడవాళ్ళు నిజంగానే జవాబు కోసం చూస్తున్నారు. డిగ్రీ చెప్పాడు, ఎంబీయే చెప్పాడు. ముసలామె తల అడ్డంగా ఊపింది.

"మీ బలహీనత ఏటి సార్?"

"కోపం" అన్నాడు, కోపంగానే. ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. అప్పుడు ఆయన పెదవి కూడా కదిలింది.

"మీకు సెలవు అవసరమా సార్?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మాది శ్రీకాకుళం దగ్గర పల్లె" అన్నాడు. "మా ఊరి అమ్మోరి పండగ. ఆరేళ్ళయింది ఎల్లి." ఎంబీయే భాష ఎటు పోయిందో, ఊరి మాట నోట్లోకి వచ్చేసింది.

"ఎందుకెల్లనేదు?"

"సెలవు దొరకలేదు."

"మీది ఎవరియ్యాల?"

"పై మేనేజరు."

"మాది మీరియ్యాల సార్" అంది.

ఇక్కడితో ఆయన కరిగిపోయాడని రాస్తే మీరు నమ్ముతారు, బాగుంటుంది కూడా. కానీ ప్రమాణం చేశాను. ఆయన కరగలేదు. గొంతు మళ్ళీ ఆఫీసుకి వెళ్ళిపోయింది.

"పండగ ఎవరికైనా ఉంటుందమ్మా. ఆ రోజు పద్దెనిమిది మంది ఒక్కసారి లేకపోతే లైను ఆగింది. సరుకు అందక ఆసుపత్రివాళ్ళు మాటలన్నారు. మాత్ర కోసం చూసే రోగికి మీ పండగ తెలియదు. అయినా నేను కొత్తగా చెప్పేదేముంది, మీరు నిలబడరని మీ కేంద్రమే రాసిచ్చింది." ఫైల్లోంచి కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నా కాగితం. ఆమె మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. తాడు ఎడమ చేతిలో, కాగితం కుడి చేతిలో.

"ఒకే ఊర్నించి పద్దెనిమిది మందిని తీసుకుంటే అందరికీ ఒకే రోజు పండగ సార్" అంది నెమ్మదిగా. "ఇయ్యేల మాకు. గెడ్డ అవతలోలికి నాలుగు రోజులు పోయాక. ఆ కొండ ఎనకాల ఊరికి ఇంకో వారం. ఏ ఊరి దిసారి ఆ ఊరికే. ఊరికి ఇద్దరు ముగ్గుర్ని తీసుకోండి. నా పండగప్పుడు గెడ్డ అవతల గుంట నా పని సేత్తాది. దాని పండగప్పుడు దాని పని నాను సేత్తాను. లైను ఆగదు. తేదీ మాత్రం అడక్కండి, చైత్రమని రాసుకోండి."

ఆయన ఊళ్ళ పేర్లు అడిగాడు. ఆమె చెబుతుంటే కారు బానెట్ మీద ఫైలు పెట్టుకుని రాసుకున్నాడు. రాయడం అయ్యాక ఆమె చేతిలోని కాగితం చూపించి, "ఇది రాసిందెవరు? అందర్నీ ఒకే ఊర్లో ఎంచిందెవరు?" అని అడిగాడు.

నేను ముందుకొచ్చాను. "నేనే సార్. ఎంచిందీ నేనే, సెలవు అడగొద్దని నేర్పిందీ నేనే, ఇది రాసిందీ నేనే. తప్పు నాది, పిల్లలది కాదు" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి కారెక్కాడు. అమ్మాయి తాడు పైకెత్తింది. కారు కిందనుంచి పోయింది. నేను నడిచి వెళదామని మిగిలాను. ముసలామె నా దగ్గరికి వచ్చి, "నువ్వేటి తెచ్చేవు బాబూ అడవినుంచి?" అంది. "ఏమీ లేదమ్మా" అన్నాను. వెనకనుంచి కుండెడు పేడనీళ్ళు నెత్తిన పడ్డాయి. ఆ చొక్కా ఇప్పటికీ ఉతుకుతూనే ఉన్నాను. వాన పడితే ఇంట్లో మా ఆవిడ, "అరకు గుర్తొస్తోందండీ" అంటుంది.

సాయంత్రం ఇంటర్వ్యూలయ్యాయి. పారిపోయినవాళ్ళ జాబితాలోంచి ఆ పద్దెనిమిది పేర్లూ తీసేశారు. ఆరు ఊళ్ళనుంచి ముగ్గురేసి చొప్పున తీసుకున్నారు. ఆ ఆరు ఊళ్ళకీ నేను నడిచే వెళ్ళాను. మోకాళ్ళు బతికే ఉన్నాయి. ఫ్యాక్టరీ సెలవు చీటీలో తేదీ గడి ఉంటుంది కదా, వాళ్ళ చీటీల్లో మాత్రం అక్కడ 'చైత్రం' అని ఉంటుంది. లైను మళ్ళీ ఆగలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు షిఫ్టు సూపర్‌వైజరు. వంతుల పట్టీ తనే వేస్తుంది. నెలాఖరుకి మా కేంద్రం మూసేస్తూ నాకు ఒక శాలువా కప్పారు. ఆరు ఊళ్ళ ఉపాయం నాదేననుకున్నారు. నేను శాలువా సర్దుకున్నాను.

ప్రతి చైత్రంలోనూ ఆమె నా కొట్టుకి ఫోన్ చేస్తుంది. "సార్, ఈపాలి మా ఊరు బేస్తవారం. రండి, పేడనీల్లు రెడీగున్నాయి" అంటుంది. బయట బయోడేటాలు పట్టుకుని పిల్లలు నిలబడి ఉంటారు. మిషను ఆపి, ఆ కాసేపు లోయలోకి వెళ్ళొస్తాను.

ఇక ప్రమాణం సంగతి. తాళ్ళు ఏడు కాదు, అయిదు. చొక్కా ఎప్పుడో పారేశాను. ఇవి లెక్కలోకి రావు. పేడనీళ్ళు నిజం. ఆ అమ్మాయి మాటలు నిజం. ఆమె ఉద్యోగం నిజం.

కల్పించింది రెండు చోట్ల. ఆ కాగితం ఫోను వచ్చిన రోజు రాసింది కాదు. అమ్మాయి వచ్చి, తేదీ సంగతీ దిసారి సంగతీ అంతా చెప్పి వెళ్ళిన మర్నాడు రాశాను. ఉన్నదున్నట్టు రాస్తే, ఒకే ఊర్లో ఎందుకు ఎంచావని నన్నే అడుగుతారు. మార్చి నెల. నా కాంట్రాక్టు మేడమ్ బల్ల మీద ఉంది.

రెండోది, నేను ముందుకొచ్చి 'తప్పు నాది' అన్న మాట. అనలేదు. రాసిందెవరని ఆయన అడిగినప్పుడు వంగి చెప్పు బెల్టు సరిచేసుకుంటున్నాను. కాగితం మీద సంతకం మేడమ్‌ది. రాత ఎవరిదో ఆయనకి తెలియదు. మూడు నెలలు బోర్డు మీద అదే రాత చూసిన పిల్లకి తెలుసు. ఆమె కాగితాన్ని మడతపెట్టి ఆయన చేతికిచ్చి, "ఎవరో తెలీక రాసుంతార్లెండి సార్" అంది.

తెలిసే రాశానమ్మా.